తెల్లారినా తేలని ఆట

1981 ఏప్రిల్ 18, శనివారం. తెల్లవారితే ఈస్టర్. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రం, పాటకెట్ పట్టణం. మెకాయ్ స్టేడియంలో లైట్లు మొరాయించడంతో బేస్‌బాల్ మ్యాచ్ అరగంట ఆలస్యంగా మొదలైంది. చూడ్డానికి వచ్చినవాళ్లు 1,740 మంది. పాటకెట్ రెడ్ సాక్స్, రోచెస్టర్ రెడ్ వింగ్స్ రెండూ మేజర్ లీగ్‌కు ఒక మెట్టు కింద ఆడే జట్లే. పైనుంచి పిలుపు ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చున్న కుర్రాళ్లే ఎక్కువ.

తొమ్మిది ఇన్నింగ్స్‌ ముగిసేసరికి స్కోరు 1-1. బేస్‌బాల్‌లో అలా సమమైతే ఎవరో ఒకరు గెలిచేదాకా ఇన్నింగ్స్ మీద ఇన్నింగ్స్ ఆడుతూ పోవాల్సిందే. ఇరవై దాటినా ఫలితం తేలలేదు. 21వ ఇన్నింగ్స్‌లో రోచెస్టర్ ఒక పరుగు తీసింది. హమ్మయ్య అనుకునేలోపే పాటకెట్ బ్యాటర్ వేడ్ బాగ్స్ గట్టి దెబ్బ కొట్టి స్కోరు మళ్లీ సమం చేశాడు. అప్పటికే చలికి కొంకర్లు పోతున్న సొంత జట్టువాళ్లకు సంతోషించాలో ఏడవాలో తెలియని పరిస్థితి!

నిజానికి రాత్రి 12.50 తర్వాత కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టకూడదన్నది లీగ్ నిబంధన. ఆ ఏడాది అంపైర్ల చేతికొచ్చిన నిబంధనల పుస్తకంలో అది లేదు. పుస్తకంలో లేనిదాన్ని అమలు చేయలేం అన్నారు వాళ్లు. ఎదురుగాలి బంతిని వెనక్కి నెట్టేస్తోంది. ఆటగాళ్లు విరిగిన బ్యాట్లను పీపాలో వేసి కాల్చి చలి కాచుకున్నారు. తన వంతు బంతులు విసరడం ముగించుకుని ఇంటికెళ్లిన పాటకెట్ పిచ్చర్ లూయీస్ అపోంటేను ఇంతసేపూ ఎక్కడున్నావని భార్య నిలదీసిందట. మ్యాచ్ ఇంకా జరుగుతోందంటే ఎవరు నమ్ముతారు?

చివరికి లీగ్ అధ్యక్షుడు హెరాల్డ్ కూపర్ ఫోన్‌లో దొరికాడు. ఆపేయమన్నాడు. 32 ఇన్నింగ్స్ పూర్తయి, ఇంకా 2-2 స్కోరు మీదే ఆట ఆగేటప్పటికి తెల్లవారుజాము 4.07. స్టాండ్లలో మిగిలింది 19 మంది. వాళ్లను తలచుకుంటే నాకు నిజంగా ముచ్చటేస్తుంది.

మిగతా ఆట జూన్ 23న. అప్పుడు మేజర్ లీగ్ ఆటగాళ్లు సమ్మెలో ఉన్నారు. దేశంలోని విలేకరుల చూపంతా పాటకెట్ మీదే. ఈసారి స్టేడియం కిక్కిరిసింది. పట్టింది 18 నిమిషాలే. 33వ ఇన్నింగ్స్‌లో మూడు బేస్‌ల మీదా పాటకెట్ రన్నర్లు. బ్యాట్ పట్టుకుని డేవ్ కోజా వచ్చాడు. ఎడమవైపు కొట్టిన ఒక్క షాట్‌తో మార్టీ బారెట్ హోమ్ చేరి గెలుపు పరుగు తెచ్చాడు. పాటకెట్ 3, రోచెస్టర్ 2. మొత్తం ఆడిన సమయం 8 గంటల 25 నిమిషాలు.

ఈ మ్యాచ్ గురించి రాసేవాళ్లందరూ ముందుగా ఎత్తేది రెండు పేర్లు. ఒకటి బాగ్స్, రెండోది రోచెస్టర్ తరఫున 33 ఇన్నింగ్స్ ఆడిన కాల్ రిప్కెన్ జూనియర్. ఇద్దరూ తర్వాత బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు. నా మటుకు నాకు ఈ ఆట కోజాది. ఆయనకు మేజర్ లీగ్ నుంచి పిలుపు ఎన్నడూ రాలేదు. 13 సార్లు బ్యాట్ పట్టి ఒక్క హిట్ కూడా కొట్టలేకపోయిన రోచెస్టర్ ఆటగాడు డల్లాస్ విలియమ్స్‌ది కూడా. లీగ్ పట్టికలో ఒక్క గెలుపు తప్ప చేతికొచ్చేదేమీ లేదని తెలిసీ, గడ్డకట్టే చలిలో మైదానంలో ఉన్న ఒక్కడూ ఆటను వదిలేయలేదు. అంతకంటే గొప్పతనం ఏ ట్రోఫీ ఫైనల్‌లో వెతకాలి?

మళ్లీ ఇలాంటి ఆట చూస్తామన్న ఆశ లేదు. 2018 నుంచి మైనర్ లీగ్‌లలో, 2020 నుంచి మేజర్ లీగ్ రెగ్యులర్ సీజన్‌లో అదనపు ఇన్నింగ్స్ మొదలవగానే రెండో బేస్ మీద ఒక రన్నర్‌ను నిలబెడుతున్నారు. పరుగు త్వరగా వస్తుంది, ఆట త్వరగా ముగుస్తుంది. పిచ్చర్ల భుజాలు కాపాడటానికి అది సబబైన మార్పే, కాదనను. పాటకెట్ జట్టు కూడా 2021లో వూస్టర్ నగరానికి తరలిపోయింది. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అతి సుదీర్ఘ మ్యాచ్ రికార్డు మాత్రం నేటికీ ఆ 33 ఇన్నింగ్స్‌దే.