ఏసీ మూతి దగ్గర నల్లబూజు

కోయంబత్తూరు నూలు మిల్లుల్లో పనిచేసిన మన పెద్దలకు తేమ సంగతి చెప్పనక్కరలేదు. గాలి పొడిబారితే నూలు తెగుతుందని మిల్లులో పనిగట్టుకొని తేమ నింపుతారు. నూలుకు మేలుచేసే ఆ తేమే ఇంట్లో ఏసీ దగ్గర బూజుకు మేత.

అక్టోబరు, నవంబరు వానల్లో మధురై ఇళ్లలోనూ ఏసీ రెక్కలు చెమరుస్తాయి, పక్క గోడమీద నల్లచుక్కలు లేస్తాయి. చల్లటి మజ్జిగ లోటాకు బయట నీటిబొట్లు పట్టినట్టే ఇదీను. గదిలో 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉంటే, సుమారు 24 డిగ్రీలకన్నా చల్లనైన ప్రతి వస్తువుమీదా నీరు పడుతుంది. ఏసీ రెక్కలు అంతకన్నా చల్లన. ఆ తడికి దుమ్ము తోడైతే బూజు మొలుస్తుంది.

కనుక తుడిస్తే చాలదు, తడి ఆగాలి. ఏసీ నడిచేటప్పుడు తలుపులు, కిటికీలు మూయండి. తడిబట్టలు గదిలో ఆరవేయకండి. 18కి బదులు 24 పెట్టండి. దుమ్ముపట్టిన జాలీ గాలిని ఆపి రెక్కలను మరింత చల్లబరుస్తుంది. రెండు వారాలకొకసారి కడిగి, ఆరబెట్టి బిగించండి. నీరుపోయే గొట్టం మూసుకుపోయిందేమో చూపించండి.

బూజు తీసేముందు కరెంటు ఆపండి, మాస్కు కట్టుకోండి. పొడిగా గీకితే బూజు రేణువులు లేచి ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తెస్తాయి. సబ్బునీటి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. బ్లీచింగు నీళ్లలో యాసిడ్ గాని, వెనిగర్ గాని కలపకండి, విషవాయువు పుడుతుంది.

అదే చోట మళ్లీ మచ్చ వస్తే రంగువేసి కప్పకండి. గోడలోకి నీరు ఎక్కడ కారుతోందో వెతికించండి.