కంటికి కనబడని వెలుగుపూత

కోదాడ ప్రాంతపు రైతొకరు ధాన్యమమ్మగా వచ్చిన సొమ్ములో నుండి అయిదువందల రూపాయల నోటు నొకదానిని మాయొద్దకు దెచ్చి, "సారూ, ఇది చెల్లుతదా చూడుండ్రి, సంఘంల బాకీ కట్టాలె" అని యడిగెను. మాయొద్ద నొక చిన్న నీలిదీపము గలదు. చీకటిగదిలో దానిని నోటుపై బట్టగా కాగితమంతయు తెల్లగా మెరసెను. మంచినోటు కాగితము అట్లు మెరయరాదని మేమెరిగినవారము గనుక తొందరపడి, ఇది దొంగనోటని చెప్పివేసితిమి. ఆ రైతు ముఖము వాడిపోయెను. అయిదువందలనగా ఆయనకు చిన్నమొత్తము కాదు. అటుపిమ్మట మరల నిదానించి చూడగా, వరుససంఖ్యయు మెరయుచుండెను, కాగితములో సన్నని రంగుదారపు పోగులును వెలుగుచుండెను. విచారింపగా తేలినదేమన, ఆ నోటు చొక్కాజేబులో నుండగానే ఇంటివారు సబ్బుపొడితో ఉతికిరి. నోటు మంచిదే. తప్పు మాది. ఆనాడు మేము చేసిన పొరబాటే ఈ వ్యాసమునకు కారణము.

మన కంటికి కనబడు వెలుతురునకు ఆవల అతినీలలోహిత కిరణములని కొన్ని కిరణములు కలవు. నోట్లు చూచు దీపములలో తరచుగా వాడు కిరణము యొక్క అలపొడవు, ఒక మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసినచో నందు 365 భాగములు. కొన్ని పదార్థములు ఈ కిరణములను మింగి, ఆ శక్తిలో కొంత వేడిగా పోగొట్టుకొని, మిగిలినదానిని కంటికి కనబడు రంగుగా వెలిగ్రక్కును. దీనినే ప్రతిదీప్తి యందురు. ఇది వింతవిషయమేమియు కాదు. రాత్రివేళ గడ్డివాము ప్రక్క ఈ దీపము వేసినయెడల తేలు పచ్చనీలముగా మెరయుచు దూరమునకే కనబడును. మనయింటి పసుపు పచ్చగా వెలుగును. సబ్బుపొడిలో బట్టలు తెల్లగా కనబడుటకై కలుపు మందు నీలపుతెలుపుగా మెరయును. పెండ్లిపందిళ్లలో నీలిదీపముల క్రింద తెల్లచొక్కాలు వెలుగుటకు కారణమదియే. మన రైతు నోటును మెరపించినదియు నదియే.

ఇట్టి పదార్థమును రంగులేని సిరాలోనో, పారదర్శకమైన పూతలోనో కలిపి కాగితముపై పూసినయెడల పగటివేళ అక్కడ ఏమియు నున్నట్లు తోచదు. దీపము పట్టగానే గుర్తు లేచి కనబడును. బజారులో దొరకు తెల్లకాగితమున తెలుపుమందు కలిసియుండును గనుక అది యంతయు మెరయును. నోటు కాగితము ప్రత్తినారతో ఆ మందు లేకుండ చేయబడును గనుక మసకగా నుండి, గుర్తులు మాత్రమే వెలుగును. మసకనేలపై వెలుగుగుర్తు, ఇదియే గమనింపవలసిన విషయము.

బ్యాంకు చెక్కులలోను ఈ యేర్పాటు గలదు. 2010లో రిజర్వు బ్యాంకు నిర్ణయించిన సి.టి.ఎస్. 2010 పద్ధతి ననుసరించి చెక్కు ముందువైపున బ్యాంకు చిహ్నము కనబడని సిరాతో ముద్రింపబడవలెను. 2018 మే నెలలో రైతుబంధు క్రింద ఎకరమునకు 4,000 రూపాయల చొప్పున సాయము చెక్కుల రూపముననే పంచబడినది. అట్లు చెక్కు చేతబట్టి బ్యాంకు మెట్లెక్కిన సభ్యులు సూర్యాపేటలోను, మిర్యాలగూడలోను అనేకులు కలరు. చెక్కు నకలుయంత్రమున తీసినయెడల పైముద్ర వచ్చును గాని ఆ కనబడని చిహ్నము రాదు.

అయినను మోసగాడు ఊరకుండునా? మెరయు సిరా నేడు అంగళ్లలో దొరకుచున్నది. కావున శాస్త్రజ్ఞులు ఇంకను ముందునకు బోయిరి. యూరోపియము, టెర్బియము వంటి అరుదైన లోహముల లవణములను పారదర్శకమైన పూతలో కలుపుదురు. యూరోపియము ఎర్రగాను, టెర్బియము ఆకుపచ్చగాను వెలుగును. సాధారణ రంగుల వెలుగు వెడల్పుగా పరచుకొనియుండగా, వీని వెలుగు సన్నని గీతలవలె నుండును గనుక యంత్రము సులభముగా గుర్తుపట్టును. దీపమార్పిన వెనుక వెలుగు ఎంతసేపు నిలిచినదో కూడ యంత్రము కొలువగలదు. ఎర్బియము, ఇటెర్బియము గలిసిన పూతలైతే కంటికి కనబడని పరారుణ కిరణము పడినప్పుడు ఆకుపచ్చగా వెలుగును. ఇట్టివి చేయుట బజారు సిరా కొన్నంత సులువు కాదు.

ఈ పూత చేయలేని పని యొకటి కలదు. కాగితము అసలైనదే యైనను అందు వ్రాసినది అబద్ధము కావచ్చును. పట్టాదారు పాసుపుస్తకము నిజమైనదే యుండి, అందలి భూమి అంతకుముందే ఇతరులకు అమ్ముడుపోయి యుండవచ్చును. దీపము ఆ సంగతి చెప్పజాలదు. కావున మన సంఘపు కార్యదర్శులు అప్పు మంజూరు చేయునప్పుడు పుస్తకముతో తృప్తిపడక, ప్రభుత్వ భూరికార్డును కంప్యూటరులో చూడవలెను. 2020 నుండి ధరణి యందు ఆ సదుపాయముండెను, 2025 ఏప్రిల్ నుండి భూభారతి యందున్నది. ఒక్క అప్పు మునిగినను ఆ బరువు అందరి వాటాలమీద బడునుగదా. విత్తనపు సంచుల విషయమును ఇట్టిదే. ధ్రువీకృత విత్తనమునకు నీలిచీటి యుండవలెనని అందరెరుగుదురు గాని, నీలిచీటి అచ్చువేయుట ఏ ముద్రణాలయమునకైనను తేలికయే. చీటిని మాత్రమే నమ్మక రసీదును, లాటు నంబరును, పంట చేతికి వచ్చువరకు ఖాళీసంచిని దాచుకొనుడు.

నోటుమీద అనుమానము గలిగినయెడల ఒక గుర్తుతో తీర్పు చెప్పవలదు. నీటిగుర్తు, భద్రతాదారము, మెరయు సంఖ్య, పోగులు, ఇవన్నియు చూడవలెను. దొంగదని తెలిసిన పిమ్మట దానిని మరియొకరికి అంటగట్టుట నేరము. బ్యాంకులో ఇచ్చినయెడల వారు ముద్రవేసి పట్టుకొని రసీదిత్తురు. సొమ్ము తిరిగి రాదు. ఒకే లావాదేవీలో నాలుగింటివరకు దొరికినయెడల బ్యాంకువారు నెలాఖరున పోలీసులకు నివేదింతురు, అయిదైనను అంతకు మించినను వెంటనే ఫిర్యాదు చేయుదురు.

ఇంకొక మాట. సభ్యులు కొందరు ముఖ్యమైన పత్రములకు నకలుదుకాణములలో వేడిచేసి ప్లాస్టికు పొర అతికించుచున్నారు. ఆ వేడికి కొన్ని సిరాలు చెడవచ్చును, ఆ జిగురు తానే మెరసి అసలు గుర్తును కప్పివేయవచ్చును. పత్రమును అతికింపని పారదర్శకపు సంచిలో నుంచి, ఎండ తగులని పెట్టెలో పెట్టుకొనుట మేలు. పలుకాలము ఎండలో నున్న మెరపురంగులు వెలిసిపోవును. చొక్కా ఉతుకుటకు వేయుటకు ముందు జేబు చూచుకొనుమని ఆ కోదాడ రైతుతో చెప్పితిమి. ఆయన నవ్వి, మీరును దీపమువేయుటకు ముందు ఆ మాట అడుగుండ్రి సారూ అనెను.