మీకు తెలుసా? ఫైలు పేరు మారిందని గిట్ ఎక్కడా రాసుకోదు

కోడ్ మార్పుల చరిత్రను దాచిపెట్టడానికి 2005లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ గిట్‌లో ఫైలు పేరు మార్చడానికి ‘ఎంవీ’ అనే కమాండ్ ఉంది. అయినా పేరు మారిన సంగతి చరిత్రలో నమోదు కాదు! ఏ కమిట్‌లోనైనా (అంటే భద్రపరిచిన ప్రతి దశలోనూ) ఆ సమయానికి ఏ పేరుతో ఏ ఫైలు ఉందన్నదే ఉంటుంది. పాతది పోయింది, కొత్తది వచ్చింది, అంతే.

మరి తేడాలు చూపేటప్పుడు ‘పేరు మారింది’ అని ఎలా చెబుతుంది? అప్పటికప్పుడు పోల్చి చూసి ఊహిస్తుంది, మీసాలు తీసేసిన మనిషిని మనం గుర్తుపట్టినట్టు. పోయిన ఫైలుకూ వచ్చిన ఫైలుకూ కనీసం 50 శాతం పోలిక ఉంటే చాలు, రెండూ ఒకటేననుకుంటుంది. ఈ హద్దును మనం మార్చుకోవచ్చు. లోపల ఒక్క అక్షరమూ మారకపోతే మరీ సులువు, రెండింటి హ్యాష్ (లోపలి విషయం నుంచి లెక్కకట్టే గుర్తు) ఒకటే కదా.

అందుకే పేరు మార్పును ఒక కమిట్‌లో, లోపలి మార్పులను వేరే కమిట్‌లో పెట్టడం మేలు. రెండూ కలిపి భారీగా తిరగరాస్తే, చరిత్ర చూపే ‘లాగ్’ కమాండ్‌కు ‘ఫాలో’ జోడించినా పాత పేరు దొరక్కపోవచ్చు. ఆ ‘ఫాలో’ కూడా ఒకసారికి ఒక్క ఫైలుకే పనిచేస్తుంది. గిట్ లాంటిదే అయిన మెర్క్యూరియల్ దారి వేరు: పేరు మార్చమని దానికి చెబితే, ఆ సంగతిని కమిట్‌తోపాటే రాసి పెట్టుకుంటుంది.