కన్యాశుల్కము: నాటకమును, చలనచిత్రమును, ప్రేక్షకుల తగవును

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారిచే తొలుత ప్రదర్శింపబడినది. 1897లో అచ్చైనది. పిదప రచయితయే దానిని ఎంతో పెంచి, తిరుగ వ్రాసి, 1909లో రెండవ కూర్పుగా ప్రకటించిరి. నేడు మనము చదువుకొనుచున్నది ఈ రెండవ కూర్పే. దీని ననుసరించి వినోదా సంస్థవారు తీసిన చలనచిత్రము 1955 ఆగస్టులో విడుదలైనది. డి. ఎల్. నారాయణగారు నిర్మాతలు, పి. పుల్లయ్యగారు దర్శకులు. నాటకమును చిత్రమునకు అనువుగా మలచినవారు వేంపటి సదాశివబ్రహ్మముగారు. నాటినుండి నేటివరకు ఈ చిత్రమును గూర్చి తెలుగువారికి ఏకాభిప్రాయము కుదురలేదు. మా పెరంబూరులో రైలు కార్ఖానాల పనికై ఏనాడో వచ్చి స్థిరపడిన కుటుంబములవారు నలుగురు చేరినచోట ఈ ప్రసంగము వచ్చెనా, వాదము రేగక మానదు. ఆ వాదములో అసలు తగవు ఎచ్చట నున్నదో చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

తగవు లేని విషయములను ముందు చెప్పెదను. సి. ఎస్. ఆర్. ఆంజనేయులుగారి రామప్పపంతులును మెచ్చనివారిని నే నింతవరకు చూడలేదు. లుబ్ధావధాన్లుగా గోవిందరాజుల సుబ్బారావుగారు రంగస్థలానుభవము నంతయు తెరమీదికి తెచ్చినారు. సావిత్రిగారి మధురవాణి యెడల మాత్రము పెద్దలలో చిన్న సందేహము కలదు: ఆమె మరీ కథానాయికవలె నున్నదని కొందరందురు. మధురవాణి ఆ నాటకములోనివా రందరికంటె తెలివిగలది, నిబ్బరముగలది. కాగా ఆ సందేహమునకు నే నంతగా విలువ నీయను. శ్రీశ్రీగారి గీతమును, గురజాడవారిదే యైన పూర్ణమ్మ కథను చిత్రములో చేర్చుటపై మరికొన్ని ఆక్షేపణలు కలవు. పూర్ణమ్మయు ముదుసలికి అమ్ముడుపోయిన పిల్లయే. ఆ కథ అచ్చట పరాయిది కాదు.

నాటకములో ఒక్క అక్షరమైనను మార్పరాదను వాదమును నేను అంగీకరింపజాలను. రచయితయే పండ్రెండేండ్లలో దాని స్వరూపమును మార్చివేసెను. రెండవ కూర్పును యథాతథముగా ఆడవలెనన్న ఒక రాత్రి చాలదు. జె. వి. రమణమూర్తిగారు గిరీశముగా నటించుచు ఏండ్ల తరబడి ఆడించిన ప్రదర్శనములును కుదింపులే. సినిమా కుదించినది అనుట నేరము కాదు.

అసలు తగవు ముగింపులో నున్నది. నాటకములో మధురవాణి మూలముగా గిరీశము పూర్వచరిత్ర సౌజన్యారావు పంతులునకు తెలిసిపోవును. బుచ్చమ్మను పూనాలోని వితంతుగృహమునకు పంపుటకు నిశ్చయమగును. గిరీశమునకు ఆమె దక్కదు. చిత్రములోనో, గిరీశమునకు పశ్చాత్తాపము కలిగి, బుచ్చమ్మతో వివాహమై కథ శుభముగా ముగియును. ఇది చూచి తృప్తిపడువారును, ఒడలు మండువారును సమానముగా కనబడుదురు.

తృప్తిపడువారి పక్షమును తేలికగా త్రోసివేయరాదు. వీరేశలింగముగారు 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించిరి. ఆనాటినుండి వితంతువునకు పెండ్లి యనునది తెలుగుదేశములో సంస్కారమునకే గుర్తైనది. తాళి కట్టించి ముగించినచో సంస్కర్తల పక్షమున నిలిచినట్లే అని 1955లో చిత్రము తీసినవారు తలచియుందురు. అదిగాక గిరీశము వేషము వేసినది ఎన్. టి. రామారావుగారు. పాతాళభైరవి తరువాత ఆయనను నాయకునిగా కొలుచుచున్న జనము ఎదుట ఆయన పరాభవముతో వెడలిపోవుట ఏ నిర్మాతకు రుచించును?

ఇట్టి మార్పు మనకే జరిగినదియు కాదు. బెర్నార్డు షా పిగ్మేలియన్ నాటకము 1914లో లండనున ఆడినప్పుడు, గురువునకును శిష్యురాలికిని ప్రేమ కుదిరినట్లు నటుడు చివర పూలు విసరి సూచించెనట. దానిపై కోపించి షా 1916లో అట్లు కాదని ఒక అనుబంధమునే వ్రాసెను. అయినను 1938నాటి చిత్రములోను, 1964లో మై ఫెయిర్ లేడీ యను పేర వచ్చిన దానిలోను ఆ పిల్ల తిరిగి గురువు ఇంటికే వచ్చినది. హాస్యనాటకము పెండ్లితో ముగియవలెనను కోరిక ప్రేక్షకునిలో అంత గట్టిది. షా బ్రదికియుండి తగవులాడెను. మన గురజాడవారు 1915లోనే గతించిరి.

నా మతములో, ఈ పెండ్లివలన చెడినది గిరీశము పాత్ర మాత్రమే కాదు. బుచ్చమ్మ ఎవరు? తండ్రి సొమ్మునకు ఆశపడి ముదుసలికి కట్టబెట్టగా బాల్యముననే వితంతువైన పిల్ల. అట్టి పిల్లలు ఎందరుండిరో గురజాడవారు పీఠికలో లెక్కలతో తెలిపిరి. విజయనగర మహారాజావారు విశాఖపట్టణ మండలములో మూడేండ్లకు వ్రాయించిన పట్టికలో 1,034 పెండ్లిండ్లు చేరినవి. వారిలో అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది నిండినవారు ముగ్గురు. ఆ పసికందుల వెల తలకు 350 మొదలు 400 రూపాయలు. ఇట్లు ఒకమారు తండ్రి మాటపై పోయిన పిల్ల, రెండవమారు మోసగాని మాటపై పోవలెనా? నాటకము పోరాదని ఆమెకు చదువు చూపినది. పూనా అను మాట ఊరక పడినది కాదు. రమాబాయి తన శారదాసదనమును 1890లో పూనాకు తరలించెను. కర్వేగారు 1896లో అచ్చట వితంతువులకు ఆశ్రమము స్థాపించిరి. సినిమాలో ఈ దారి మూసికొనిపోయి, గిరీశము పశ్చాత్తాపమునకు బుచ్చమ్మ బహుమానమైనది.

అట్లని చిత్రమును దూరముగా ఉంచుడని నేను చెప్పను, ఒక తెలుగు ఉపాధ్యాయునిగా చెప్పలేను కూడ. మా బడి పిల్లలు ఇంట తెలుగు పలుకుదురు, సగము అరవము కలిపి. అచ్చులోని తెలుగును చదువలేక ఆయాసపడుదురు. గురజాడవారు పాత్రలచే పలికించినది విజయనగరపు ఇంటి భాష. వాడుకభాష కొరకై ఆయన 1914లో ఈ నగరముననే విశ్వవిద్యాలయమువారికి అసమ్మతిపత్రము సమర్పించిరి. (ఈ వ్యాసము గ్రంథభాషలో నుండుట చూచిన ఆయన నవ్వియుందురు.) ఆ భాష పుటలో కంటికి కష్టము, చెవికి సులభము. గిరీశము ఇంగ్లీషు ముక్కలు దొరలించినప్పుడు పదవ తరగతి పిల్లలు అర్థమడుగకయే నవ్వుదురు. పిదప పుస్తకము చేత పెట్టిన, ఆ గొంతులు చెవిలో నుండుటచే, ముందటి కంటె త్వరగా చదువుదురు. ఈ మేలు చేసినది సినిమాయే.

కావున సంఘమువా రెప్పుడైన ఈ చిత్రమును ప్రదర్శించినచో, చివరి ఘట్టమునకు ముందు ఆపి, నాటకములోని తుదిరంగమును ఇద్దరు ముగ్గురిచే బిగ్గరగా చదివించి, పిదప సినిమా ముగింపును చూపవలెనని నా కోరిక. తరగతిలో నే నట్లే చేయుచుందును. తగవు వెంటనే రేగును. మగపిల్లలు తరచు పెండ్లి పక్షము. ఆడపిల్లలు మాత్రము, పూనాలో బుచ్చమ్మకు ఏమి చదువు చెప్పుదురని అడుగుదురు.