రెండు కాలువలు కలిపితే నీళ్ళు పెరుగుతాయా?

మొన్న ఆదివారం మా పెద్ద మనవడు గుడివాడ నుంచి బందరు వచ్చాడు. చెప్పులు విప్పుతూనే మొదలెట్టాడు. "తాతయ్యా, ఐర్లాండ్‌లో ఫుట్‌బాల్‌కి రెండు లీగులున్నాయి. రెండూ కలిపేస్తే ఆట బలపడుతుందంటావా?"

అడగాల్సిన ప్రశ్నే. అరుగు మీద కూచున్నాం. చిన్న మనవరాలు కూడా వచ్చి పక్కన చేరింది.

ముందు సంగతేమిటో చెప్పుకుందాం. ఐర్లాండ్ ఒక లంక. మన దివిసీమకి పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ పాయలు అటూ ఇటూ, కింద సముద్రమూ ఉంటే, వాళ్ళకి చుట్టూతా సముద్రమే. మొత్తం జనం 70 లక్షల చిల్లర. బెల్‌ఫాస్ట్‌లో ఫుట్‌బాల్ సంఘం 1880లో పుట్టింది. దేశం రెండు ముక్కలవుతున్న రోజుల్లో, 1921లో, డబ్లిన్ వాళ్ళు విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నారు. పెద్ద లీగు ఉత్తరాన 12 క్లబ్బులతో ఒకటి, దక్షిణాన 10 క్లబ్బులతో ఒకటి. అదే రగ్బీకీ క్రికెట్‌కీ మాత్రం లంకంతటికీ ఒకటే జట్టు! డెర్రీ ఊరేమో ఉత్తరాన ఉంది, దాని క్లబ్బు మాత్రం 1985 నుంచి దక్షిణపు లీగులో ఆడుతోంది.

"జనం ఎక్కువైతే మంచి ఆటగాళ్ళు ఎక్కువ దొరుకుతారు కదా తాతయ్యా, కలిపేస్తే పోలా?" అన్నాడు వాడు.

లోపల్నుంచి వేరుశనక్కాయలు తెప్పించాను. రెండు చేటల్లో వందేసి లెక్కపెట్టి పోయించాను. ఈ చేట ఉత్తరం, ఆ చేట దక్షిణం. ఒక్కోదాంట్లో అన్నిటికంటే పొడుగు కాయ ఏరమన్నాను. ఏరి స్కేలు పెట్టి కొలిచారు. దక్షిణం కాయ సరిగ్గా నాలుగు సెంటీమీటర్లు. ఉత్తరం కాయ అంతకంటే రెండు గీతలు ఎక్కువ.

"ఇప్పుడు రెండూ ఒకే చేటలో గుమ్మరించండి. పొడుగు కాయ ఎంత పెరిగింది?"

"అదే కాయ కదా తాతయ్యా, ఎందుకు పెరుగుతుంది?" అంది చిన్నది.

అదీ సంగతి. కలిపినంత మాత్రాన కొత్తగా పెద్ద కాయ పుట్టదు. ఉన్న పెద్ద కాయ ముందునుంచీ ఏదో ఒక చేటలో ఉన్నదే.

"మరి పదకొండేసి ఏరండి." కలపక ముందైతే అటు 11, ఇటు 11, మొత్తం 22 కాయలకి చోటుండేది. కలిపాక 11కే చోటు. ఏరి చూస్తే ఉత్తరం కాయలు ఏడు, దక్షిణానివి నాలుగు వచ్చాయి. జట్టు సగటు పెరిగిన మాట నిజమే, దాన్ని కాదనను. ఆ ఏడాదికి జట్టు బలపడినట్టే. పక్కకి పోయిన 11 కాయల సంగతి ఏమిటన్నదే నా ప్రశ్న.

కాయ అయితే కోశాక ఇక ఎదగదు. ఆటగాడు అలా కాదు, ఆడుతూ ఉంటే ఎదుగుతాడు, బెంచీ మీద కూచుంటే ఎండిపోతాడు. కాబట్టి మన లెక్కలోకి ఎదుగుదలని కూడా తేవాలి. దానికి మీ గుడివాడ అమ్మాయే సాక్ష్యం.

కోనేరు హంపి 1987లో గుడివాడలో పుట్టింది. 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. అప్పటికి ఆడవాళ్ళలో అంత చిన్న వయసులో ఎవరూ ఆ బిరుదు అందుకోలేదు. 2019లో, మళ్ళీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్. చదరంగంలో బలాన్ని అంకెల్లో కొలిచే పద్ధతి ఆర్పాడ్ ఏలో అనే భౌతికశాస్త్రం మేష్టారు కట్టారు. ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో దాన్ని తీసుకుంది. దాని కీలకం చాలా సులువు. ఇద్దరి మధ్యా 400 పాయింట్ల తేడా ఉంటే, 11 ఆటల్లో పైనున్న వాళ్ళకి 10 పాయింట్లు వస్తాయని ముందే అంచనా. పైస్థాయి వాళ్ళు సరిసమానమైన వాళ్ళని ఓడిస్తే అయిదు పాయింట్లు పెరుగుతాయి. 400 తక్కువున్న వాళ్ళని ఓడిస్తే ఒక్క పాయింటు కూడా పెరగదు. ఎందుకంటావ్? ముందే తెలిసిన ఫలితం నుంచి కొత్తగా తెలిసేదేమీ లేదు కనక! ఆ అమ్మాయి ఊళ్ళోనే ఆడుతూ కూచోలేదు, తనకి సాటి వచ్చేవాళ్ళు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి ఆడింది.

ఇప్పుడు ఐర్లాండ్ లెక్క చూడు. దక్షిణపు లీగులో 10 క్లబ్బులు. జతలు ఎన్ని? పదిని తొమ్మిదితో గుణించి సగం చెయ్యి. 45. సీజన్‌కి ఒక్కో క్లబ్బూ 36 ఆటలు ఆడుతుంది, అంటే ప్రతి ప్రత్యర్థితోనూ నాలుగేసి సార్లు. ఎన్నాళ్ళని అవే మొహాలు? ఉత్తరాన 12 క్లబ్బులకి 66 జతలు. రెండూ కలిపి 22 చేస్తే 231 జతలు! అంటే 120 కొత్త పోటీలు పుడతాయి. కలిపితే వచ్చే అసలు లాభం ఇదే. కొత్త మనుషులు దొరకరు, కొత్త పోటీలు దొరుకుతాయి.

"అయితే కలపమన్నట్టేగా!" అన్నాడు మావాడు.

ఆగరా. మన ఇంట్లోనే జరిగిన ప్రయోగం ఒకటుంది. 1953లో ఆంధ్ర క్రికెట్ సంఘం పుట్టింది. 1953–54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ఆడింది. దానికి కెప్టెన్ ఎవరనుకున్నావ్? 1932లో లార్డ్స్‌లో భారతదేశపు మొదటి టెస్టుకి కెప్టెన్ అయిన సి.కె. నాయుడు. నాగపూర్‌లో పుట్టినా ఆయన పూర్వీకులది మన బందరే. అప్పటికి ఆయన వయసు 58. 1956లో రాష్ట్రాలు ఒకటయ్యాయి కానీ క్రికెట్ జట్లు ఆంధ్ర, హైదరాబాద్ అని రెండుగానే ఉండిపోయాయి. హైదరాబాద్‌లో జయసింహ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ, తర్వాత పటౌడీ. ఆ రోజుల్లో ఒకటే జట్టు చేసుంటే కోస్తా కుర్రాళ్ళకి 11లో ఎన్ని చోట్లు దక్కేవి? విడిగా ఉన్నాయి కాబట్టే 22 మంది ఆడారు. అలాగని ఎవరి గోడ వాళ్ళు కట్టుకుని కూచోలేదు. దక్షిణ మండలంలో మద్రాసు, మైసూరు, కేరళలతో పాటు ఏటా ఒకరితో ఒకరు తలపడ్డారు. ఆంధ్ర జట్టు చాలాకాలం వెనకబడే ఉంది, ఆ సంగతీ చెప్పాలి. కానీ చోటు పోలేదు. 1999లో గుంటూరు నుంచి ఎం.ఎస్.కె. ప్రసాద్, 2018లో హనుమ విహారి, 2023లో కె.ఎస్. భరత్, 2024లో నితీష్ కుమార్ రెడ్డి ఆ జట్టులో ఆడుతూనే టెస్టుల్లోకి వెళ్ళారు.

ఫుట్‌బాల్‌లో అట్లా కాదు, కలిపేశారు. కలపక ముందు హైదరాబాద్ పేరున 1956–57లో, 1957–58లో వరసగా సంతోష్ ట్రోఫీ గెలిచారు. కలిపాక ఆంధ్రప్రదేశ్ పేరున 1965–66లో గెలిచారు. ఆ తర్వాత ఆ కప్పు మళ్ళీ మన వైపు రాలేదు. కలపడం వల్లే రాలేదనడానికి మాత్రం వీల్లేదు. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిదే రెండోదానికి కారణం కాదు. సైన్సులో ఈ జాగ్రత్త ఎప్పుడూ వదలకూడదు. కలిపితే కప్పులొస్తాయన్న మాటకి మాత్రం అది రుజువు కాదు.

ఇక కాలువల సంగతి. బందరు కాలువ, రైవస్ కాలువ రెండూ విజయవాడ దగ్గరే బయల్దేరతాయి. రెండూ కలిపి ఒకటే పెద్ద కాలువ తవ్వామనుకో. నీళ్ళు పెరగవు, కృష్ణలో ఉన్నవే. ప్రవాహం మాత్రం జోరందుకుంటుంది. ఎందుకంటే నీటికి అడ్డం పడేది కాలువ గట్లూ అడుగూ. రెండు చిన్న కాలువలకంటే అన్ని నీళ్ళే పట్టే ఒక పెద్ద కాలువలో నీరు మట్టిని తాకే మేర తక్కువ. రాపిడి తక్కువ, ఇంకిపోవడమూ తక్కువే. ఇంజనీరు సంతోషిస్తాడు. మరి ఇవతల పొలాల మాటేమిటి? కాలువే దూరం జరిగిపోతే వాటికి నీళ్ళెవరిస్తారు? పులిగడ్డ అక్విడక్టు దాటి నాగాయలంక, కోడూరు శివారు దాకా తడి అందడం ఎంత కష్టమో మీ అమ్మమ్మనడుగు, ఆవిడ పుట్టిల్లు అటే.

ఐర్లాండ్ రగ్బీలో ఈ శివారు కథ నిజంగా జరిగింది. నాలుగు ప్రాంతాల జట్లలో కొనాక్ట్ అందరికంటే చిన్నది, పడమటి అంచున ఉన్నది. ఖర్చు తగ్గించుకోవడానికి 2003లో దాన్ని మూసేద్దామని రగ్బీ సంఘం ఆలోచన చేసింది. జనం డబ్లిన్ వీధుల్లో ఊరేగింపు తీశారు. మూయలేదు. 2016లో ఆ కొనాక్టే ఫైనల్లో లెన్‌స్టర్‌ని 20–10తో ఓడించి ప్రో12 కప్పు ఎత్తింది!

ఫుట్‌బాల్‌లో ఇంకో చిక్కుంది. యూరప్ పోటీలకి ప్రతి లీగు నుంచీ చాంపియన్‌కి ఒక దారి ఉంటుంది. రెండు లీగులుంటే రెండు దారులు. 2024లో ఉత్తరం నుంచి లార్న్, దక్షిణం నుంచి షామ్రాక్ రోవర్స్ రెండూ కాన్ఫరెన్స్ లీగ్ అసలు పోటీలోకి వెళ్ళాయి. లీగు ఒకటైతే చాంపియన్ ఒక్కడే.

"అయితే ఏం చెయ్యమంటావు తాతయ్యా?"

లీగులు రెండూ ఉంచమంటాను. పైన రెండు లీగుల క్లబ్బులూ కలిసి ఆడే గట్టి పోటీ ఒకటి పెట్టమంటాను. సెటాంటా కప్ అని 2005 నుంచి 2014 దాకా అలాంటిది నడిపారు, ఆపేశారు. ఆపకుండా ఉండాల్సింది. దాన్ని మళ్ళీ నిలబెట్టాలంటే ముందు కాలం కుదరాలి. దక్షిణం వాళ్ళు ఫిబ్రవరి మొదలు నవంబరు దాకా ఆడుతున్నారు. ఉత్తరం వాళ్ళది ఆగస్టు నుంచి మే. ఒకరిది సార్వా, ఇంకొకరిది దాళ్వా. ఒకరు నాట్లేస్తుంటే ఒకరు కోతల్లో ఉంటారు.

మావాడు పలక అందుకుని పన్నెండు నెలలూ వరసగా రాశాడు. పైన ఒక గీత, కింద ఒక గీత గీశాడు. ఫిబ్రవరి నుంచి మే దాకా, మళ్ళీ ఆగస్టు నుంచి నవంబరు దాకా రెండు గీతలూ ఒకదాని కింద ఒకటి వచ్చాయి. ఎనిమిది నెలలు. చిన్నది వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది, వాడు కాలెండరు దించి ఆ ఎనిమిది నెలల్లో బుధవారాలు ఎన్నున్నాయో లెక్కపెడుతున్నాడు.