సగం చుక్కలు, పావు వెలుగు

కోదాడ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. ట్యాబ్‌లో బతుకమ్మ బొమ్మ గీసింది. తంగేడు పసుపు, గునుగు తెలుపు స్క్రీన్ మీద ధగధగలాడాయి. సూర్యాపేటలో ప్రింటు తీయిస్తే పసుపు మసకేసింది, పూల మధ్య నీడలన్నీ ముద్దకట్టాయి. తప్పు ఇంకుదా, కాగితానిదా, తన ఫైలుదా అని అడిగింది. మూడూ మంచివే అయినా ఇలా జరుగుతుంది. ఎందుకు జరుగుతుందో కనిపెట్టడానికి ముద్రణ శాస్త్రానికి చాలా ఏళ్లు పట్టింది.

ముందు తేలికైన సంగతి. స్క్రీన్ తన వెలుగును తానే పుట్టిస్తుంది. కాగితం తన మీద పడ్డదాంట్లో కొంత తిరిగి ఇస్తుంది, అంతే. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద గోడ మీద 150 లక్స్ వెలుతురు పడుతోందనుకుందాం. మంచి తెల్ల కాగితం అందులో 85 శాతం వెనక్కి పంపినా, దాని కాంతి 40 నిట్ల దగ్గరే ఆగుతుంది (పడే వెలుగుకు కొలత లక్స్, అక్కడి నుంచి కంటికి వచ్చే వెలుగుకు కొలత నిట్). చేతిలోని ఫోన్ తెలుపు సులువుగా 400 నిట్లు దాటుతుంది. పది రెట్ల తేడా! అదే కాగితాన్ని లక్ష లక్స్ ఉండే మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే 27,000 నిట్లు వస్తాయి. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి పొడవునా కట్టే ఫ్లెక్సీల ముందు ఏ ఫోనూ నిలవదు.

కానీ కన్ను సర్దుకుంటుంది. గదిలో అన్నిటికన్నా తెల్లగా ఉన్నదాన్నే తెలుపుగా తీసుకుని, మిగతావన్నీ దాంతో పోల్చి చూస్తుంది. కాబట్టి వెలుతురు తక్కువన్న ఒక్క కారణం సరిపోదు. స్క్రీన్ తెలుపును కాగితం తెలుపుతో సమానం చేసి పక్కపక్కన పెట్టినా బొమ్మలో నలుపు తెలుపుల నడుమ ఛాయలు కుంగిపోయే ఉంటాయి. అసలు కథ ఇక్కడుంది.

ముద్రణ యంత్రానికి బూడిద రంగు తెలియదు. నల్ల ఇంకు చుక్క పెడుతుంది, లేదా ఖాళీ వదులుతుంది. సగం స్థలంలో చుక్కలు, సగం ఖాళీ ఉంటే దూరం నుంచి బూడిద రంగుగా కనిపిస్తుంది. ఎంత బూడిద? 1936లో వెలువడిన మరే-డేవిస్ సూత్రం జవాబు చెప్పింది: ఖాళీ ఎంతో చూసి, కాగితం తిరిగి ఇచ్చే వెలుగుతో గుణించండి. కాగితం 80 శాతం తిరిగిస్తే, సగం ఖాళీ ఉన్నచోట 40 శాతం రావాలి. తప్పు పట్టడానికి ఏమీ లేనట్టే ఉంది కదూ! మరుసటి ఏడాది నాయ్‌గెబావర్ ఇదే లెక్కను రంగు ముద్రణకు విస్తరించాడు. ఖాళీ కాగితం, మూడు ఇంకులు, అవి రెండేసి కలిసిన మూడు రంగులు, మూడూ కలిసిన ముదురు, మొత్తం ఎనిమిది రంగుల సగటు. ఎంతో అందమైన లెక్క. అచ్చయిన కాగితాన్ని కొలిస్తే మాత్రం సూత్రం చెప్పినదానికన్నా చీకటిగా వచ్చేది.

ఇంకు పాకి చుక్క లావెక్కడం ఒక కారణమే, కాదనను. అయితే చుక్కల అసలు సైజును సూక్ష్మదర్శినితో కొలిచి లెక్కలో వేసినా లోటు పూడలేదు. 1951లో యూల్, నీల్సన్ దాని గుట్టు విప్పారు. అంతకుముందు వాళ్లందరూ కాగితాన్ని గోడలాగా ఊహించారు: వెలుగు వచ్చి తగులుతుంది, తగిలినచోటి నుంచే తిరిగిపోతుంది. కాగితం గోడ కాదు. అది నారల చిక్కు. వెలుగు లోపలికి దిగి, నార నుంచి నారకు చెదిరి, పక్కకు జరిగి మరోచోట బయటపడుతుంది. జాతర జనంలో పడ్డ మనిషి ఒక దారిన లోపలికెళ్లి, తోపులాటలో ఇంకెక్కడో బయటికి తేలినట్టు. ఇప్పుడు ఆ దారుల్లో సగం మూసేశారనుకోండి. లోపలికెళ్లడానికి తెరిచిన దారి దొరకాలి, బయటికి రావడానికి మళ్లీ దొరకాలి. సగంలో సగం, అంటే పావు. కాగితం తిరిగిచ్చే 80 శాతంలో పావు 20. మరే-డేవిస్ 40 అన్నచోట వచ్చేది 20!

వెలుగు పూర్తిగా చెదిరినప్పటి లెక్క ఇది. చెదరకపోతే 40, పూర్తిగా చెదిరితే 20. నిజమైన కాగితాలు ఈ రెంటి నడుమ ఉంటాయి. ఎక్కడుంటాయో చెప్పడానికి యూల్, నీల్సన్ 1కీ 2కీ మధ్య తిరిగే ఒక అంకెను సూత్రంలో పెట్టారు. అది 1.7 అయితే మన బూడిద రంగు దాదాపు 25 శాతం వెలుగుతో సరిపెట్టుకోవాలి. అచ్చయిన చుక్కల మధ్య ఖాళీని సూక్ష్మదర్శినిలో చూస్తే, అంచున మిగిలిన ఉత్త కాగితమంత తెల్లగా అది ఉండదు. నీలి చుక్కల నడుమైతే ఖాళీకి కూడా నీలి జీర అంటుతుంది. ఇంకు తగలని చోటికి రంగు ఎలా వచ్చింది? కాగితం లోపలి నుంచి, వెలుగుతో పాటు నడిచి వచ్చింది. ముద్రణలో నాకు ఇంతకన్నా అద్భుతమైన దృశ్యం తెలియదు.

చుక్కలు ఎంత సన్నగా ఉంటే ఈ నష్టం అంత ఎక్కువ. అంగుళానికి 150 వరుసలంటే వరుసకూ వరుసకూ మధ్య 0.17 మిల్లీమీటర్లే. కాగితంలో వెలుగు పక్కకు జరిగే దూరం కూడా ఇంచుమించు ఆ స్థాయిదే. బొమ్మ స్పష్టంగా రావాలని చుక్కలు ఇంకా సన్నగా పెట్టమంటే, లెక్క సవరించనంత వరకు బొమ్మ ఇంకాస్త నల్లబడుతుంది.

నష్టం ఎక్కడ ఎక్కువో గమనించండి. ఉత్త కాగితానికి ఏమీ కాదు, నిండు నలుపుకూ కాదు. సగానికి దగ్గర్లోనే దెబ్బ పెద్దది. అందుకే ప్రింటుకు ముందు బ్రైట్‌నెస్ గీతను కుడివైపుకు లాగడం తప్పు మందు. గునుగు పూల తెలుపులో ఉన్న రేకులన్నీ చెరిగిపోతాయి, నీడలు పాలిపోతాయి. ఎత్తాల్సింది నడుమ ఛాయలను మాత్రమే, అదీ బొమ్మ గీసే యాప్‌లోని కర్వ్స్‌తో.

నలుపు దగ్గర సమస్య వేరు. నునుపు పూత ఉపరితలం తన మీద పడ్డ వెలుగులో 4 శాతం దాకా అద్దంలా తిప్పికొడుతుంది. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో 1208 నాటి ఎరకేశ్వరాలయం ఉంది. అక్కడి నున్నటి నల్లరాతి స్తంభాలు చూసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. నునుపు రాయి ఆ కొద్ది వెలుగును ఒకే దిక్కుకు పంపేస్తుంది, మిగతా దిక్కుల నుంచి రాయి చిక్కటి నలుపు. గరుకు రాయి అన్ని దిక్కులకూ చల్లుతుంది, ఎటు చూసినా బూడిద రంగు. గ్లాసీ కాగితం మొదటి రకం, మ్యాట్ రెండో రకం. లోతైన నీడలున్న బొమ్మను మ్యాట్ మీద తీయించి నలుపు పాలిపోయిందని బాధపడేవాళ్లు కాగితం మారిస్తే చాలు.

ఇక ఏం చేయాలంటే, స్క్రీన్ పక్కన ఆ రకం ఉత్త కాగితం పెట్టి, రెండు తెలుపులూ కలిసేదాకా బ్రైట్‌నెస్ తగ్గించి అప్పుడు బొమ్మ గీయాలి. బొమ్మలు పరిశీలించడానికి ఐఎస్‌ఓ 3664 ప్రమాణం చెప్పే 500 లక్స్ దగ్గర కాగితం 135 నిట్లు ఇస్తుంది. ఫోన్ అలవాటున్న కంటికి అది మొదట్లో మసకగానే అనిపిస్తుంది. తర్వాత, ఆ యంత్రం, ఆ ఇంకు, ఆ కాగితం కలయికకు సరిపోయే కలర్ ప్రొఫైల్ అనే ఫైలును దుకాణంలో అడగాలి. అచ్చయిన మచ్చలను కొలిచి తయారుచేసేది కాబట్టి, యూల్, నీల్సన్ చెప్పిన నష్టం అందులో ముందే లెక్కకొచ్చి ఉంటుంది. నాకు కోపం తెప్పించేది ఇక్కడే. ఇంత లెక్కనూ సరిదిద్దే ఫైలు యంత్రంతో పాటే వస్తుంటే, చాలా దుకాణాల్లో దాన్ని తెరవరు, అడిగినా ఇవ్వరు. 12×18 అంగుళాల షీటు పాడుచేసే బదులు అరచేతి వెడల్పు ముక్క ముందు తీయించండి. దాని ధర విడిగా ఇస్తామనండి. ఆ ముక్కను కౌంటరు లైటు కింద చూసి సరేననకుండా, బొమ్మ తగిలించబోయే గోడ దగ్గరే, రాత్రి దీపాలు వేశాక చూడండి.