‘కండోన్’ అనే క్రియాపదం

ప్రతి సంవత్సరం పరీక్షలు సమీపించే వేళ కళాశాల కార్యాలయంలో ఒక ఆంగ్ల క్రియాపదం విశేషంగా వినిపిస్తుంది. అది ‘కండోన్’. హాజరు 75 శాతానికి తగ్గిన విద్యార్థులు ఆ కొరతను కండోన్ చేయవలసిందిగా ప్రిన్సిపాలుగారికి అర్జీలు పెట్టుకుంటారు. పరీక్షకు కూర్చోవడమా, మానడమా అన్నది ఆ పదంపై ఆధారపడి ఉన్నా, దాని అర్థాన్ని విచారించేవారు అరుదు.

కొన్నేళ్ల క్రితం ఒక విద్యార్థి ‘కండోన్’కు బదులు ‘కండోల్’ అని రాశాడు. కండోల్ అంటే మృతుని బంధువులకు సంతాపం తెలపడం. తన గైర్హాజరుకు సంతాపం తెలపమని అతడు కోరినట్లయింది! అర్జీ చూసి నవ్వినవారిలో నేనూ ఒకణ్ణి. పిలిపించి అడిగితే, యాభై రోజులకు పైగా ఆసుపత్రిలో తండ్రి మంచం పక్కనే ఉన్నాడని తెలిసింది. ఆ సంగతి అర్జీలో ఒక్క ముక్క కూడా లేదు. పదం తప్పడం కన్న అదే పెద్ద లోపం.

ఈ పదానికి మూలం లాటిన్‌లోని ‘కాన్‌దోనారె’. ఇచ్చివేయు, బాకీ వదలుకొను అని దాని అర్థం. అందులోని ‘దోనారె’, మన ‘దానం’ ఒకే మూలం నుండి పుట్టినవి. ఆ పాత అర్థానికి అతి సన్నిహితమైన మాట మనకు వెతకనక్కరలేకుండానే ఉంది: అరబ్బీ నుండి ఉర్దూకు, ఉర్దూ నుండి తెలుగుకు వచ్చిన ‘మాఫీ’. శిస్తు మాఫీ, రుణమాఫీ అంటాం గదా. నేటి అర్థానికైతే ఉర్దూలోని ‘దర్‌గుజర్ కర్నా’ మరింత చక్కగా సరిపోతుంది. తప్పును చూసి కూడా దాటిపోవడమన్నమాట.

ఇంగ్లండులో 1857 నాటి విడాకుల చట్టంతో ఈ క్రియ వాడుకలో స్థిరపడింది. భార్యాభర్తలలో ఒకరి దోషాన్ని రెండవవారు ఎరిగియుండి మన్నించి కాపురం సాగిస్తే, దానిని కండోన్ చేసినట్లు న్యాయస్థానం భావించేది. మన 1955 నాటి హిందూ వివాహ చట్టంలోనూ ఈ మాట ఉంది. విచిత్రమేమంటే, న్యాయవాదులు నిత్యం ‘ఆలస్యాన్ని కండోన్ చేయండి’ అని వేడుకొనే 1963 నాటి కాలపరిమితి చట్టంలోని 5వ సెక్షనులో ఈ పదమే లేదు. తగిన కారణం చూపితే గడువు దాటినా స్వీకరించవచ్చునని మాత్రమే అక్కడ ఉంది.

ఆ ‘తగిన కారణమే’ మన అర్జీలకు కూడా ప్రాణం. నేనేమీ తప్పు చేయలేదు, కనుక కండోన్ చేయండి అనడం పొసగదు. కొరత ఉన్నదని ఒప్పుకున్న తరువాతే ఈ పదానికి చోటు. మన్నించినంత మాత్రాన 70 శాతం 75 కాదు. రిజిస్టరులో అంకె అలాగే ఉంటుంది. అందుకే కండోన్ వేరు, ఆమోదించడం వేరు. నేటి ఆంగ్ల పత్రికలలో ఇది తరచు ‘హింసను మేము కండోన్ చేయము’ వంటి నిషేధార్థక వాక్యాలలో కనబడడం వల్ల ఈ భేదం కొంత మరుగుపడుతున్నది.

వ్యాకరణం విషయంలో ఒక్కటే గుర్తుంచుకోవాలి. ఈ క్రియకు కర్మ దోషమే గాని మనిషి కాదు. ‘ఫర్గివ్ మి’ అనవచ్చు, ‘పార్డన్ మి’ అనవచ్చు. ‘కండోన్ మి’ అనరాదు.

ఆ విద్యార్థి మరునాడు తెచ్చిన అర్జీలో తేదీలున్నాయి, వైద్యుని ధ్రువపత్రం ఉంది, పదం కూడా సరిగానే ఉంది. కొరత మన్నింపబడింది. అయితే, ఎవరూ పిలిచి అడగని విద్యార్థి మాటేమిటి? ఈ అర్జీ నమూనాను ఆంగ్లంతో పాటు ఉర్దూ, తెలుగు భాషలలో కూడా అచ్చు వేయించి, కారణానికీ తేదీలకూ విడిగా గళ్లు ఉంచవలసిందిగా కళాశాల కమిటీ వారికి నా మనవి.